వదిన నిద్రలేపాలనుకున్న కణాలు

మా వదిన ఉద్యోగం ఎలుకల మెదళ్ళు కోయడం. పెళ్ళి మాటలు జరుగుతున్నప్పుడే ఆ సంగతి తన నోటితో తనే చెప్పింది. మా అమ్మ చేతిలో టీ కప్పు నోటిదాకా వెళ్ళకుండా అలాగే ఆగిపోయింది. మా అన్న మాత్రం నవ్వాడు. "నేను పుస్తకాలు కుడతాను, తను మెదళ్ళు కోస్తుంది. మా ఇంట్లో సూదికీ కత్తికీ లోటుండదు" అన్నాడు. ఆ నవ్వు చూసే ఒప్పుకున్నానని వదిన చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది. అదీ ప్రేమగా కాదు, ఏదో గొడవలో, "మీ అన్నని చూసి వచ్చాను గాని నిన్ను చూసి రాలేదు" అనడానికి చెప్పింది.

నేను పైపులు బిగించే పని చేస్తాను. వాళ్ళ ప్రయోగశాలలో ఒకసారి సింకు కింద పైపు పగిలితే నన్నే పిలిపించింది, అలా ఆవిడ పని కళ్ళారా చూశాను. నడుమెత్తు చలిపెట్టె లాంటి యంత్రం, దాని లోపల ఒక కత్తి, కత్తి ఎదురుగా చిక్కుడు గింజంత ఎలుక మెదడు గడ్డకట్టి ఉంది. వదిన పక్కనున్న చక్రం తిప్పుతుంటే ఒక్కో పొర తెగి కత్తి మీద చుట్టుకుపోబోతుంది. అది చుట్టుకునేలోపు సన్నటి కుంచెతో పట్టి గాజుపలక మీద పరచాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. అక్కడ ఆవిడకి ఉల్లిపొర అని పేరు. ఇంట్లో నోరు విప్పితే మూడిళ్ళకి వినబడే మనిషి అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వితే పొర ఎగిరిపోతుందని బయటికి వచ్చి నవ్వాను.

మా అన్న బైండింగు పని చేసేవాడు. ఊళ్ళో పాత ప్రెస్సులో కిటికీ పక్క బల్ల ఆయనది. అచ్చయిన కాగితాలు మడవడం, మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చి మైనం రాసిన దారంతో కుట్టడం, వెన్నుకి బంక పూసి నొక్కే చెక్కల మధ్య బిగించడం. చదివేవాళ్ళెవరూ ఆ కుట్టు చూడరు. అయినా కుట్టు వంకరపోతే మళ్ళీ విప్పి కుట్టేవాడు. ఆయనకి ఆ బల్లంటే ప్రాణం. సెలవు రోజున కూడా ఏదో వంక పెట్టుకుని అటు వెళ్ళి వచ్చేవాడు.

ఒకరోజు బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె ఆగింది. ఆసుపత్రివాళ్ళు దాన్ని మళ్ళీ కొట్టుకునేలా చేశారు గాని, ఈలోపు మెదడుకి రక్తం అందలేదు. మాట పోలేదు, నడక పోలేదు, పాత సంగతులు చాలావరకు ఉన్నాయి. నన్ను చూడగానే "ఒరేయ్, చిక్కిపోయావేంట్రా" అన్నాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కాసేపయ్యాక మళ్ళీ నన్ను అప్పుడే చూసినట్టు చూసి "ఒరేయ్, చిక్కిపోయావేంట్రా" అన్నాడు. కొత్తగా జరిగేదేదీ ఆయనలో నిలవడం లేదు. టీ చల్లారేలోపు అంతా పోతుంది.

హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిందని, కొత్త జ్ఞాపకాలు అక్కడే పడతాయని డాక్టరు నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పబోయాడు. వదిన ఆయన్ని మధ్యలోనే ఆపింది. ఆవిడ రోజూ కోసేది దాన్నే. ఏ పొరలో ఏ కణాలుంటాయో ఆవిడకి కంఠతా వచ్చు. తెలియకపోయి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తెలియని నేను డాక్టరు చెప్పింది విని, ఏడ్చి, ఇంటికి వచ్చేశాను. తెలిసిన ఆవిడ ఆశపడింది.

ఆ ఆశకి కారణం ఉంది. పుట్టుకతో వచ్చిన మెదడు కణాలే చివరిదాకా అని ఒకప్పుడు అనుకునేవారట. పెద్ద ఎలుకల మెదడులో, సరిగ్గా ఆ హిప్పోక్యాంపస్‌లోనే, కొన్ని మూలకణాలుంటాయని, వాటి నుంచి కొత్త కణాలు పుడుతూనే ఉంటాయని తర్వాత తేలింది. కాని వాటిలో ఎక్కువ భాగం నిద్రలో ఉంటాయి. నిద్రపుచ్చే జన్యువులు కొన్ని, లేపే జన్యువులు కొన్ని. వదినవాళ్ళ ప్రయోగశాల పట్టుకున్నది నిద్రపుచ్చే రకం. దాని అసలు పేరు అక్షరాలూ అంకెలూ కలిసి పలకడానికి రాదు, అందుకని అక్కడ అందరూ దాన్ని జోలపాట అనేవారు. ఎలుకల్లో జోలపాటని తీసేసి, కొన్ని వారాలాగి మెదళ్ళు కోశారు. కోసింది వదినే. కొత్త కణాలకే పట్టే రంగు వేసి చూస్తే, మామూలు ఎలుకల్లో అక్కడొకటి ఇక్కడొకటి మెరిసేవి ఈ ఎలుకల్లో గుంపులు గుంపులుగా మెరిశాయి. అన్న ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకే ఈ ఫలితం తేలింది, ప్రయోగశాలలో కేకు కోశారు.

ఆ రోజు వదిన మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది. "నీ కుళాయే అనుకో. నీళ్ళున్నాయి. కట్టేసి ఉంది, అంతే" అంది. నా పనిలోని మాట కాబట్టి నాకు చప్పున ఎక్కింది. కుళాయి తిప్పడమేగా అనుకుని నేనూ సంతోషపడ్డాను.

ప్రయోగశాలకి పెద్ద ఒక మేడం. మంచి మనిషి. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. అన్న సంగతి తెలిసి, వదినకి అడక్కుండానే సెలవులిచ్చింది. "మనుషుల్లో కూడా ఇలాగే పని చేస్తుందా మేడం?" అని వదిన అడిగితే ఆవిడ నిజమే చెప్పింది. "మనుషుల్లో పెద్దయ్యాక అసలు ఆ కణాలు ఎన్ని మిగులుతాయన్న దాని మీదే ఇంకా వాదులాడుకుంటున్నారు. కాని ఒక దారి మాత్రం తెరుచుకుంది." ఇందులో రెండో వాక్యం ఒక్కటే వదినతో ఇంటికి వచ్చింది.

ఇంతలో ప్రెస్సు యజమాని వచ్చాడు. ముసలాయన, మాటలు తక్కువ. అన్నని కాసేపు చూసి, నాతో బయటికి వచ్చి అన్నాడు. "మీ అన్న చేతులకి జబ్బు చేయలేదురా. ఆ బల్ల అలాగే ఉంచాను. పంపించు."

ఉదయం నేను తీసుకెళ్ళి దిగబెట్టేవాణ్ణి. మొదటి రోజు అక్కడే గోడకి ఆనుకుని నిలబడి చూశాను. అన్న కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి దానంతట అదే సూది ఉన్న చోటికి వెళ్ళింది. దారం మైనం మీద రెండుసార్లు లాగాడు. కుట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో మరిచిపోయినా ఇబ్బంది లేదు, ఎంతవరకు కుట్టాడో చేతిలో ఉన్న పుస్తకమే చూపిస్తుంది. ఇంట్లో ఉంటే గంటకి పదిసార్లు "ఇవాళ ప్రెస్సుకి సెలవా?" అని అడిగి మా ప్రాణం తీసే మనిషి అక్కడ ఒక్క మాట అడగలేదు. నేను పనికి ఆలస్యంగా వెళ్ళి తిట్లు తిన్నాను. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

కొన్ని వారాలు అలా గడిచాయి. బల్ల ఒకటి నిలబడితే చాలు, మా అన్న బతుకు నిలబడుతుందని నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు వదిన ఒక మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్ళి, గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది. సాయంత్రం నన్ను పిలిచింది.

"రేపట్నుంచి ఆయన్ని పంపను" అంది.

"ఎందుకు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. రోజూ అదే కుర్చీ, అదే గోడ, అదే సూది. అలా కూర్చుంటే ఉన్న కణాలు కూడా పోతాయి."

"పనంటే అదేగా వదినా. నేను మాత్రం రోజుకో కొత్తరకం పైపు బిగిస్తున్నానా?"

"నీ మెదడు బాగానే ఉంది కాబట్టి నీకు చెల్లుతుంది."

"ఆ మాట నీ నోటి వెంట ఇదే మొదటిసారి వింటున్నాను."

ఆవిడ నవ్వలేదు. "ఖాళీ పెట్టెలో పెట్టిన ఎలుకలకి కొత్త కణాలు పుట్టినా నిలవవు. అదే తిరిగే చక్రం, గొట్టాలు, మార్చి మార్చి బొమ్మలు పెట్టిన పెట్టెలో అయితే నిలుస్తాయి. నేను కోసిన ముక్కల్లో నేను చూశాను. ఎవరో చెప్తే విన్నది కాదు. జోలపాటని ఆపే మందు మనుషులకి వచ్చేదాకా ఆయన మెదడుని సిద్ధంగా ఉంచాలి. కొత్త చోట్లు చూపించాలి, నడిపించాలి, అలవాటు పడనివ్వకూడదు."

"అన్న ఎలుక కాదు వదినా."

"అందుకే ఇంకా జాగ్రత్తగా చేస్తున్నా."

ఆవిడ మొండికేస్తే మా అమ్మే ఏమీ చేయలేకపోయింది, నేనెంత? ఇలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చేయలేరు. ఏమీ తెలియనివాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఊరుకునేవారు. పూర్తిగా తెలిసినవాళ్ళు కూడా అదే చేసేవారేమో. ఎలుక పెట్టె శుభ్రం చేసే చేతులతోనే మొగుడి ఇల్లు సర్దిన మనిషి మా వదిన ఒక్కతే.

మొదట మంచం దిక్కు మార్చింది. తర్వాత బీరువా ముందు గదిలోకి వచ్చింది. అది మోసింది నేనే, మోస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను. గిన్నెల అలమర ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్ళింది. పడుకునే గది కూర్చునే గది అయింది, కొన్నాళ్ళకి మళ్ళీ తిరగబడింది. సాయంత్రాలు ఆయన్ని నడకకి తీసుకెళ్ళేది, రోజుకో వీధి. పాపం, ఆవిడ కాళ్ళు వాచిపోయేవి. ఉద్యోగం చేసి వచ్చి, వంట చేసి, ఇల్లు తలకిందులు చేసి, మొగుణ్ణి ఊరంతా తిప్పి, మళ్ళీ పొద్దున్నే చలిపెట్టె ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆవిడ కష్టం చూస్తే కోపం వచ్చేది కాదు. ఆయన కష్టం చూస్తే ఆగేది కాదు.

ఆయన నిద్రలేచి, తలుపున్న చోటికని నడిచి, బీరువాకి తగిలి ఆగిపోయేవాడు. దాన్ని చేత్తో తడిమేవాడు. గోడ పట్టుకుని గదంతా తిరిగేవాడు. ఏం వెతుకుతున్నాడో వెతుకుతుండగానే మరిచిపోయి, గది మధ్యలో నిలబడి మా మొహాలు చూసేవాడు. నాకు ఒక సంగతి అర్థమైంది. బుర్రలో నిలవకపోయినా కాళ్ళకి కొంచెం కొంచెంగా దారి అలవాటయ్యేది. ఈ మలుపు, ఈ గడప, ఇక్కడ వంగాలి అని. సరిగ్గా అలవాటయ్యే సమయానికి వదిన మళ్ళీ అన్నీ మార్చేసేది. ఆ సంగతి చెప్తే, "అదే కదా కావాల్సింది" అంది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అన్న గది మూలన గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నేల తడిసి ఉంది. స్నానాలగదికి వెళ్ళే దారి అంతకుముందు అటునుంచే, ఇప్పుడక్కడ అలమర ఉంది. చొక్కా మడత నలిగితే ఊరుకోని మనిషి. "ఇక్కడే ఉండేది కదరా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వదిన గుడ్డ తెచ్చి నేల తుడిచి, "ఏం పరవాలేదండి, రేపు గుర్తుపడతారు" అంది. ఆ క్షణంలో నాకు ఆవిణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆయన రెండు నిమిషాల్లో అంతా మరిచిపోయి "ఒరేయ్, ఎప్పుడొచ్చావ్?" అన్నాడు. నేను మాత్రం ఇంకా ఏదీ మరిచిపోలేదు.

ప్రెస్సు ముసలాయన చాలాకాలం ఎదురుచూశాడు. నేను కనబడినప్పుడల్లా కనుబొమలెత్తి అడిగేవాడు, నేను తలవంచుకునేవాణ్ణి. చివరికి కుట్టు పని పేరుకుపోయి, ఆ బల్ల ఇంకొకతనికి ఇచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, పనిమంతుడు. వదినకి చెప్పాను. "ఇచ్చుకోనీ. ఆయన బాగయ్యాక ఒక బల్ల దొరక్కపోతుందా?" అంది.

మొదట్లో జోలపాట తీసేసిన ఎలుకల్లో కొన్నింటిని కోయకుండా ఒక పక్కన ఉంచేశారు. అవి తింటూ, తిరుగుతూ ముసలివయ్యాయి. అసలు ఫలితం వచ్చేసింది కాబట్టి వాటి మీద ఎవరికీ ధ్యాస లేదు. ఒకరోజు మేడంకి గుర్తొచ్చి, "వాటిని కూడా చూసేద్దాం" అంది. వదిన సంతోషంగా కోసింది. కొత్త కణాలు ఇంకెంత పెరిగి ఉంటాయో అని కళ్ళలో వత్తులు వేసుకుని సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నేను ఒక మేడ మీద వాష్‌బేసిన్ కింద దూరి పడుకుని ఉన్నాను. కాళ్ళ దగ్గర ఎవరో నిలబడ్డారు. చెప్పులు చూసి వదినని గుర్తుపట్టి బయటికి వచ్చాను. పనివేళలో ప్రయోగశాల వదిలి రావడం ఆవిడ జన్మలో లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"ఏమైంది? అన్నకేమైనా..."

"మీ అన్న బాగానే ఉన్నారు" అంది. మొహం తుడుచుకుని, "ఏమీ లేవు" అంది.

"ఏంటి లేనివి?"

"ఆ ముసలి ఎలుకల్లో. మామూలు ముసలి ఎలుకల్లో ఒకటో రెండో కణాలు ఇంకా మెరుస్తున్నాయి. జోలపాట తీసేసిన వాటిలో ఒక్కటి లేదు. రంగు సరిగ్గా పట్టలేదేమో అనుకున్నా. మళ్ళీ చేశా. మళ్ళీ చీకటే." తలెత్తకుండా చెప్పింది. "అన్నీ ఒక్కసారే లేచాయి. లేచినవన్నీ ఉన్నదంతా ఖర్చుపెట్టేసి అయిపోయాయి. మళ్ళీ పుట్టించడానికి ఒక్క మూలకణం మిగల్లేదు. ఆ జన్యువు వాటిని కట్టేయలేదు మరిదీ. దాచిపెట్టింది."

"మేడం ఏమంది?" అన్నాను.

"చాలా సంతోషపడింది. మొదటిదానికన్నా ఇది పెద్ద ఫలితమట. రేపు కేకు తెప్పిస్తోంది."

అన్నాళ్ళుగా నేను కడుపులో పెట్టుకున్న తిట్లన్నీ ఆ నిమిషంలో నోటిదాకా వచ్చాయి. ఆవిడ మొహం చూశాక ఒక్కటే మాట అన్నాను. "ఇకనైనా ఆ మంచం కదపకు వదినా."

"కదపను" అంది.

ఆ వారమే ఇద్దరం కలిసి ఇంటిని జబ్బుకి ముందు ఎలా ఉండేదో అలా సర్దాం. మంచం, బీరువా, అలమర, గోడకి తగిలించిన చిన్న అద్దంతో సహా. వదిన ఏది ఎక్కడుండేదో వెతుక్కోకుండా చెప్పింది. బీరువా కాళ్ళు నేల మీది పాత మచ్చల్లోకి సరిగ్గా దిగేదాకా నన్ను వదల్లేదు.

తర్వాత ప్రెస్సుకి వెళ్ళింది, తోడు నేనూ వెళ్ళాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఆ కొత్తాయన తలవంచుకుని కుడుతున్నాడు. వదిన ముసలాయన్ని బతిమాలింది. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి, మాటలు సరిగ్గా రాలేదు. ముసలాయన విసుక్కోలేదు. "నేను ఎదురుచూశానమ్మా. ఇప్పుడు వాణ్ణి లేచి వెళ్ళిపొమ్మని చెప్పనా? నువ్వు చెప్పమంటే చెప్తా" అన్నాడు. వదిన ఆ కొత్తాయన వీపు వైపు చూసింది. చెప్పమనలేదు. వచ్చేశాం.

నేను అన్నవాళ్ళ ఇంట్లోనే కిటికీ పక్కన ఒక బల్ల వేశాను. ప్రెస్సు ముసలాయన సూదులు, దారం, మైనం, బంక గిన్నె, ఊడిపోయిన పాత పుస్తకాలు ఒక కట్ట పంపించాడు. అన్నీ ప్రెస్సులో ఎలా ఉండేవో అలాగే పేర్చాం. అన్న కూర్చుంటే చాలు, చేతులు మిగతాది చూసుకుంటాయి. ఇంతే కావాలి మాకు.

ఆయన గదిలోకి రాలేదు. గడప దగ్గర ఆగాడు. అరచెయ్యి గోడకి ఆనించి, ఒక పాదం ముందుకు చాపి నేలని తడిమాడు. చిన్నగా దగ్గాడు, పరాయి ఇంటి ముందు నిలబడ్డవాళ్ళు దగ్గినట్టు.

"లోపలికి రావచ్చాండీ?" అన్నాడు.

వదిన ఎదురెళ్ళింది. ఆవిణ్ణి చూడగానే ఆయన మొహం వెలిగింది. "నువ్వూ ఇక్కడే ఉన్నావా? ఎవరిల్లిది?"

"మనిల్లేనండి."

ఆయన చుట్టూ చూశాడు. తన మంచం, తన అద్దం, తన బీరువా. గొంతు తగ్గించి, "మనది కాదు. వాళ్ళు వచ్చేలోపు వెళ్ళిపోదాం పద" అని ఆవిడ చెయ్యి లాగాడు.

రోజులు గడిస్తే తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు గ్లాసు కూడా జరగదు, అయినా ప్రతి గడప దగ్గరా ఆగి, గోడ తడిమి, దగ్గుతాడు. కొత్తగా ఏదీ నేర్చుకోలేడని డాక్టరు చెప్పిన మనిషి ఇదొక్కటి నేర్చుకున్నాడు, ఇది తన ఇల్లు కాదని. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎవరు నేర్పారో ఆయనకి గుర్తు లేదు. వదినకి గుర్తుంది.

మనిల్లే అని చెప్పడం ఆవిడ ఇప్పుడు మానేసింది. ఆ మాట వింటే ఆయన ఇంకా బెదిరిపోతాడు. నేను వెళ్ళినప్పుడు చూస్తుంటాను. ఆయన గడపలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. వదిన లోపలి గదిలోకి వెళ్ళి, ఎవరినో అడిగి వచ్చినట్టు తిరిగొచ్చి, "రండి, పరవాలేదు. ఇంటివాళ్ళు కూర్చోమన్నారు" అంటుంది. అప్పుడు ఆయన ఎవరికో దండం పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, సూది అందుకుంటాడు.